తోడు పెళ్లికొడుకుల డిబేట్

దసరా బొమ్మల పెట్టె మూత తీస్తే ముందు కలరా ఉండల వాసన గుప్పుమంటుంది, దాని వెనకాల పాత పేపర్ల వాసన వస్తుంది, ఆ రెండూ కాస్త తగ్గాక, ముక్కు పెట్టెలోకి పెట్టి చూస్తే తప్ప తెలియనంత సన్నగా, ఏళ్లనాటి ఇంగువ వాసన తగులుతుంది. ఈసారి అక్టోబర్‌లో నేనుండే పార్సిప్పనీ నుంచి మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అమ్మానాన్నల ఇంటికి వచ్చి, పండగ ఇంకా రెండు రోజులుందనగా బేస్‌మెంట్‌లో ఆ పెట్టె ముందు కూర్చుని ఒక్కో బొమ్మనీ కాగితాల్లోంచి విప్పుతుంటే, బాజాభజంత్రీల బొమ్మలకీ కాలు విరిగిన ఏనుక్కీ మధ్య ఇంగువ డబ్బా చేతికి దొరికింది. అరచేతిలో ఇమిడేంత స్టీలు డబ్బా, మూత మీద అమ్మమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. ఊపితే లోపల రెండు చీటీలు కదిలాయి. విప్పి చూడలేదు. వాటిలో ఏముందో నాకు తెలుసు, రాసింది నేనే.

ఆ సాయంత్రమే అమెరికా ఉపాధ్యక్ష అభ్యర్థుల డిబేట్. పైన హాల్లో నాన్న టీవీ పెట్టిన చప్పుడు మెట్ల మీదుగా వినపడుతోంది. ఒకప్పుడు ఈ రోజుకి మా ఇంట్లో ఎంత హడావుడి ఉండేదో తలుచుకుంటే ఆ పెట్టె ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

నాకు ఐదేళ్లప్పుడు మేం తెనాలి నుంచి ఇక్కడికి వచ్చాం. కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో నాన్న డిజైన్ ఇంజనీరు. ఆ బ్రేకుల్ని పరీక్షించే విభాగంలో సుదర్శన్ అంకుల్ ఉండేవాడు. వరంగల్ మనిషి. నాన్న గీసినదాన్ని విరగ్గొట్టడమే ఆయన ఉద్యోగం అని ఇద్దరూ చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆయనకీ పద్మ ఆంటీకీ పిల్లలు లేరు. మా ఇంటి నుంచి వాళ్లింటికి కారులో పది నిమిషాలు. నాకు జ్వరం వస్తే అమ్మ కన్నా ముందు పద్మ ఆంటీ సెలవు పెట్టేది, నాకు సైకిల్ నేర్పింది అంకులే, నేను పడి మోకాలు చెక్కుకుపోతే రోడ్డు పక్కన కూర్చుని నాతో పాటు ఏడ్చిందీ ఆయనే. నాన్నని "అన్నా" అనేవాడు. నాన్న ఆయన్ని "ఏవయ్యా సుదర్శనం" అని ముందుగదిలోంచి పిలిచే పిలుపు పక్కింటి అమెరికన్ వాళ్లకి కూడా వచ్చేసింది.

మిషిగన్‌లో అక్టోబర్ అంటే మేపుల్ ఆకుల కాలం. ఎర్రవీ, పసుప్పచ్చవీ, కాల్చిన అప్పడం రంగువీ రాత్రికి రాత్రి పెరడంతా పరుచుకునేవి, నాన్న శనివారం పొద్దున్నే వాటిని పళ్లకర్రతో కుప్పేసేవాడు, ఆ కుప్పలో మేం పిల్లలం దూకి మళ్లీ చెదరగొట్టేవాళ్లం, ఒళ్లంతా తడి మట్టి వాసనతో లోపలికొస్తే అమ్మ గుమ్మంలోనే బట్టలు విప్పించేది. ఆదివారం అందరం కలిసి సైడర్ మిల్లుకి వెళ్లేవాళ్లం. అక్కడ ఆపిల్ పళ్లని మరలో వేసి రసం తీస్తుంటే కందిరీగలు ముసురుకునేవి, వేడి వేడి డోనట్లు నూనె మరకలు పడ్డ కాగితం సంచిలో ఇచ్చేవాళ్లు, దాల్చినచెక్క పొడి పెదాలకి అంటుకుని సాయంత్రం దాకా పోయేది కాదు. "గారెకి చిల్లు పెట్టడం వీళ్లకీ తెలుసే" అని నాన్న ఏటేటా అదే మాట అనేవాడు, ఏటేటా అంకుల్ అది మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు.

ఆ నెలలోనే దసరా. బేస్‌మెంట్‌లో అట్టపెట్టెలు మెట్లు మెట్లుగా పేర్చి, పైన అమ్మ పాత పట్టుచీర కప్పి బొమ్మల కొలువు పెట్టేవాళ్లం. పద్మ ఆంటీ బతుకమ్మ పేర్చడానికి మా ఇంటికే వచ్చేది, ఎందుకంటే మాది పెద్ద వంటిల్లు. ఇక్కడ తంగేడు లేదు, గునుగు లేదు. కూరగాయల దుకాణంలో గుమ్మం బయట కుండీల్లో అమ్మే చామంతులే దిక్కు, ఆవిడ ఒక్కో పువ్వునీ తుంచుతూ "గునుగు లేని బతుకమ్మ ఉప్పులేని పప్పే" అని నిట్టూర్చి, అయినా నడుమెత్తు పేర్చి చూపించేది. ఒక పొయ్యి మీద అమ్మ పునుగులు వేస్తుంటే ఇంకో పొయ్యి మీద ఆంటీ సర్వపిండి కాల్చేది, మూకుడుకి అంటిన పిండి చివర్లు నల్లగా కరకరలాడేవి, వాటి కోసం మేం కొట్టుకునేవాళ్లం. శనగ గుగ్గిళ్లకి ఇంగువ తాలింపు పడగానే పొగ కనిపెట్టే యంత్రం కుయ్యోమని మొత్తుకునేది. అంకుల్ తువ్వాలు పట్టుకుని దాని కింద నిలబడి విసురుతూ ఉండేవాడు.

నాలుగేళ్లకోసారి ఈ పండగల మధ్యలోనే మాకింకో పండగ వచ్చేది. దానికి పేరు పెట్టింది నాన్నే. అధ్యక్షుల డిబేట్లు రెండో మూడో ఉంటాయి, వాటిని ఎవరింట్లో వాళ్లు చూసుకుంటారు, ఉపాధ్యక్షులది ఒక్కటే, దాన్ని కలిసి చూడాలని ఆయన పట్టు. "తోడు పెళ్లికొడుకుల డిబేట్" అనేవాడు. పెళ్లికొడుకు పక్కన బుగ్గన చుక్క పెట్టుకుని కూర్చునే పిల్లవాడు, వాడికి తాళీ లేదు, తలంబ్రాలూ లేవు, కానీ పెళ్లికొడుక్కి కళ్లు తిరిగితే ఏం చేస్తాడో వాణ్ణీ ఒకసారి అడిగి ఉంచుకోవాలి కదా అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆఫీసులో నాన్న పదేళ్లపాటు ఎవరో ఒకరి కింద రెండోవాడిగానే ఉన్నాడని అప్పుడు నాకు తెలియదు.

ఆ రోజు నాలుగు కుటుంబాలు మా బేస్‌మెంట్‌లో చేరేవి. గరాజ్‌లోంచి ఎనిమిది మడత కుర్చీలు కిందికి దిగేవి. నాన్న టీవీ చూడ్డానికి ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు, తల దువ్వుకునేవాడు, తనే వేదిక ఎక్కబోతున్నట్టు గొంతు సవరించుకునేవాడు. అంకుల్ మాత్రం కుర్చీ ఉన్నా కిందే కూర్చుని, సాక్సులు విప్పి పక్కన పెట్టుకుని, సోంపు నములుతూ ఉండేవాడు. తెర మీద ఇద్దరూ మాట్లాడుతున్నంతసేపూ ఎవ్వరూ నోరు మెదపకూడదు. అది అయ్యాకే అసలు ఆట. మా నాన్నా, సుదర్శన్ అంకులూ ఎదురెదురుగా నిలబడి ఆ ఇద్దరి తరఫునా వాదించాలి. ఎవరికి ఏ పక్షమో చీటీ తేలుస్తుంది. టీవీలో ఒక పార్టీకి ఎరుపు, ఇంకోదానికి నీలం వేస్తారు కదా, చీటీల మీద ఆ రెండు మాటలే. నా తెలుగు అటకెక్కిపోతుందని అమ్మ రోజూ ఒక పేజీ రాయించేది, కాబట్టి చీటీలు రాసే పని నాది. అతిథి ముందు తియ్యాలి, పైకి చదవాలి, మిగిలిన చీటీ నాన్నది. దాన్ని విప్పే పని లేదు. తలా రెండేసి నిమిషాలు, అమ్మ వంటింటి గడియారం గణగణమనగానే ఆపాలి. తీర్పు పద్మ ఆంటీది. ఓడినవాడు ఎనిమిది కుర్చీలూ మోసుకెళ్లి గరాజ్‌లో పెట్టాలి.

ఎందుకీ చీటీలు, ఎవరికి నచ్చింది వాళ్లు మాట్లాడొచ్చుగా అని ఒకసారి అడిగాను. నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మనకి ఓటు లేదు కదమ్మా. ఓటు లేనివాళ్లకి పంతం దేనికి? రెండు వైపులా ఏముందో చూసుకుంటే చాలు" అన్నాడు. అప్పటికి ఆ గదిలో ఎవ్వరికీ ఓటు లేదు. అందరూ గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నవాళ్లే. ఆ మాట నాకు ఎంత గొప్పగా తోచిందో ఇప్పుడు చెప్పలేను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు జరిగిన మొదటి డిబేట్‌లో నాన్నకి ఎరుపు వచ్చింది. నాన్న మనసు నీలం వైపని ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. మనసులో లేని మాట ఆయన నోటికి రాదు. నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు, రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాడు. నవ్వులు, చప్పట్లు. నాన్న కూడా నవ్వుతూనే కుర్చీలు మోశాడు. అది సరదాగానే అయిపోయింది.

నాలుగేళ్ల తర్వాత మాత్రం మా ఇంట్లో సరదా లేదు. ఆ సెప్టెంబర్‌లో నాన్న ఆరు నెలలు కష్టపడి చేసిన డిజైన్‌ని కొనేవాళ్ల ముందు చెప్పబోతుంటే, ఆయన ఉచ్చారణ వాళ్లకి అర్థం కావడం లేదని మేనేజరు మధ్యలో ఆపి, నాన్న దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడి చేత చెప్పించాడు. నాన్న ఆ గదిలోనే గోడపక్కన కూర్చుని, తెర మీద తన స్లైడ్లు మార్చడానికి మీట నొక్కుతూ ఉన్నాడట. ఈ సంగతి అమ్మ పద్మ ఆంటీతో ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. అప్పటి నుంచి నాన్న ఇంట్లో కూడా మాట తగ్గించేశాడు. పిజ్జా కావాలన్నా నన్నే ఫోన్ చేయమనేవాడు. భోజనాల బల్ల దగ్గర చెంచాల చప్పుడు తప్ప మాట ఉండేది కాదు. పదమూడేళ్ల పిల్లకి తండ్రి నోరు మూతపడిపోవడం కన్నా భయం ఇంకేముంటుంది? ఈసారి నాన్న గెలవాలి, గెలిస్తే మళ్లీ మాట్లాడతాడు అనుకున్నాను. రెండు చీటీల మీదా "ఎరుపు" అనే రాశాను.

అంకుల్ డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీసి, "ఎరుపు" అని చదివాడు. అంటే నాన్నది నీలం. డబ్బా టీపాయ్ మీదే వదిలేసి, గుగ్గిళ్ల గిన్నెలు తెస్తానని పైకి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి నాన్న మాట్లాడుతున్నాడు. ఆ గొంతు అంతవరకూ నేనెప్పుడూ వినలేదు. తెలుగూ ఇంగ్లీషూ కలిపి, చేతులు ఊపుతూ, పనిచేసేవాడి మర్యాద గురించి, ఆస్పత్రి బిల్లుల గురించి, గడియారం మోగినా ఆగకుండా మాట్లాడాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. అంకుల్ తన రెండు నిమిషాలూ తడబడి, బుర్ర గోక్కుని, "అన్న ముందల నేనేడ ఆగుత" అని చేతులెత్తేశాడు. ఆయన ఎనిమిది కుర్చీలూ రెండేసి చొప్పున చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే నాన్న వెనకాల నుంచి ఏడిపిస్తూ వెళ్లాడు. మర్నాడు పొద్దున పిజ్జా దుకాణానికి కాదు గానీ, బ్యాంకుకి తనే ఫోన్ చేశాడు.

రుచి మరిగిన పిల్లి ఊరుకుంటుందా. పదిహేడేళ్లప్పుడూ అవే చీటీలతో అదే చేశాను, కాలేజీ నుంచి ఇంటికొచ్చిన ఇరవై ఒకటో ఏటా అదే చేశాను. అయితే నా పదిహేడో ఏడు వచ్చేసరికి డెట్రాయిట్ అంతా కార్ల కంపెనీలు మూతపడతాయన్న భయంలో ఉంది. అంకుల్ ఉద్యోగం ఆ వేసవిలోనే పోయింది. వీసా గడువు ముంచుకొస్తుంటే పక్క ఊరు నోవైలో సగం జీతానికి ఏదో దొరికించుకున్నాడు. ఆ రోజు ఎర్ర చీటీ చదివి లేచి నిలబడ్డప్పుడు ఆయన బుర్ర గోక్కోలేదు. పరాయి దేశాలకి తరలిపోతున్న పని గురించి, తన కన్నా తక్కువ జీతానికి వచ్చి కూర్చుంటున్న కొత్తవాళ్ల గురించి మాట్లాడాడు. నాన్న నవ్వుతూ చప్పట్లు కొట్టి, "అబ్బో, చీటీ బాగా పట్టిందే నీకు" అన్నాడు. తీర్పు మాత్రం అలవాటు కొద్దీ నాన్నకే వచ్చింది. మూడోసారి అంకుల్ చీటీ విప్పకుండానే లేచి మాట్లాడాడు. ఇది కూడా మాకు నవ్వులాటగానే ఉండింది. మూడుసార్లు ఒకే వైపు నిలబడి ఒకే మాట చెబితే ఆ మాట మనిషికి సొంతమైపోతుందేమోనని, ఆ నిలబెట్టింది నేనేనని, నాకు తట్టనే లేదు.

తర్వాత అందరికీ ఒకరి వెనక ఒకరికి పౌరసత్వాలు వచ్చాయి. ప్రమాణం చేసిన రోజు నాన్నా అంకులూ ఒకేలాంటి నీలం కోట్లు వేసుకుని, చేతిలో చిన్న జెండాలతో ఫోటో దిగారు. ఆ ఫోటో ఇప్పటికీ అమ్మ బీరువాలో ఉంది. ఓట్లు వచ్చాక వచ్చిన మొదటి డిబేట్‌కి నేను డబ్బా పట్టుకుని వెళ్తే, "ఇంకా చీటీలెందుకమ్మా, ఓట్లొచ్చాయిగా" అన్నాడు నాన్న. ఆ రాత్రి గడియారం పెట్టలేదు. ఎవరూ ఎవరినీ ముగించనివ్వలేదు. వలస వచ్చేవాళ్లని ఆపాల్సిందే అన్నాడు అంకుల్. నువ్వొచ్చిన దారి మర్చిపోయావా అన్నాడు నాన్న. నేను లైన్ల నిలబడి వచ్చిన అన్నాడు ఆయన. అప్పుడు నాన్న, ఎన్నడూ ఎవర్నీ పల్లెత్తు మాట అనని మా నాన్న, "ఉద్యోగం పోయిన రోజే నీ బుర్రా పోయింది సుదర్శనం" అన్నాడు.

అంకుల్ లేచాడు, సాక్సులు వేసుకున్నాడు. తీర్పు ఎవరూ చెప్పలేదు, కానీ కుర్చీలు మడిచి రెండేసి చొప్పున చంకన పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నాలుగు విడతలు. మేం కూర్చున్న కుర్చీల్లోంచి మేం ఒక్కొక్కళ్లం లేచి ఇస్తున్నాం, ఆయన తీసుకెళ్తున్నాడు. ఒక్కరం కూడా ఆపలేదు. చివరి విడత తర్వాత ఆయన మళ్లీ కిందికి రాలేదు, పద్మ ఆంటీ తన సర్వపిండి గిన్నె అక్కడే వదిలేసి వెనకాలే వెళ్లింది. ఆ గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది.

నాలుగేళ్లు తిరిగేసరికి మహమ్మారి వచ్చింది, ఆంటీని తీసుకుపోయింది. అంత్యక్రియలకి పదిమందినే రానిస్తామన్నారు, అంకుల్ మా ముగ్గురి పేర్లూ రాయించాడు. అమ్మా నేనూ లోపలికి వెళ్లాం. నాన్న పార్కింగ్‌లో కారులోనే కూర్చున్నాడు. వస్తాడని అంకుల్ మాటిమాటికీ తలుపు వైపు చూడడం నేను చూశాను. మేం తిరిగి వచ్చి కారెక్కేసరికి నాన్న మొహం వాచిపోయి ఉంది. "ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అన్నాడు.

ఇవన్నీ నెమరేసుకుంటూ ఇంగువ డబ్బా పట్టుకుని పైకి వచ్చేసరికి డిబేట్ మొదలైంది. నాన్న ముడతలు పడ్డ స్వెటర్‌లో, సోఫాలో ఒక మూల ఉన్నాడు. డబ్బా టీపాయ్ మీద పెట్టాను. ఆయన దాని వైపు ఒకసారి చూసి మళ్లీ తెర వైపు తిరిగాడు. అమ్మ గుగ్గిళ్లు తెచ్చింది, ముగ్గురికీ మూడు చిన్న గిన్నెల్లో. తెర మీది ఇద్దరూ, మేం అనుకున్నట్టు కాక, ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు తల ఊపుతున్నారు, ఆ మాట మీరన్నది నిజమే అంటున్నారు, ఒకరి పిల్లల గురించి ఇంకొకరు బాధపడుతున్నారు. మొదట నాకు హాయిగా అనిపించింది. అరగంటయ్యేసరికి ఒళ్లు మండింది. పీటల మీద వియ్యంకులు నవ్వుకుంటుంటే విడిదింట్లో చుట్టాలు జుట్లు పట్టుకున్నట్టుంది మా వ్యవహారం. అయిపోయాక ఇద్దరూ చేతులు కలుపుకుని వదల్లేదు, భార్యలు వేదిక మీదికి వచ్చారు, నలుగురూ చుట్టాల్లా నిలబడి కబుర్లు చెప్పుకున్నారు. నాన్న రిమోట్ పట్టుకుని, ఆపకుండా, వాళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

"అంకుల్ కూడా చూస్తూ ఉంటాడు నాన్నా" అన్నాను.

"చూడనీ" అన్నాడు.

నేను కోటు వేసుకుని బయటికి వెళ్లాను. వాకిట్లో ఎవరూ ఎత్తని ఆకులు కాళ్ల కింద నలిగాయి. ఎన్నో ఏళ్ల తర్వాత అంకుల్ నంబర్ నొక్కితే మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏం బిడ్డా, మంచిగున్నవా? అన్న చూసిండా?"

నేను బాగున్నానని కూడా చెప్పలేదు. చీటీల సంగతి చెప్పేశాను. మూడుసార్లూ రెండూ ఎరుపేనని, నా వల్లే ఆయన అటు పోయాడని, నన్ను క్షమించమని చెబుతూ ఏడ్చేశాను.

"నాకెరుకే బిడ్డా" అన్నాడు. "మొదటిసారే తెలిసింది. నువ్వు డబ్బా ఇడిచిపెట్టి గిన్నెలకు ఉరికినవు గద, మిగిలిన చీటీ ఇప్పి చూసిన. ఆ నెల మీ నాన్న ఆఫీసుల నోరు మూసుకొని తిరుగుతుండె. ఈడనన్న గెలవనియ్యి అనుకున్న."

"మరి తర్వాత?"

"తర్వాత గుడ గంతే. డబ్బా పట్టుకొస్తుంటె నీ మొకమే చెప్పేది." కొంచెం నవ్వాడు. "నీ చీటీ చూసి నేను ఓటెయ్యలే. నేననుకున్నది నేనే అనుకున్న, అది నీ మీదేసుకోకు. కాని చీటీ ఉన్నన్నాళ్లు నేనేమన్నా మీ నాన్న నవ్వెటోడు. నా మాట నాదయినంక నవ్వలే."

ఇప్పుడే రండి, పది నిమిషాలే కదా అన్నాను.

"పిలవాల్సింది నువ్వు గాదు బిడ్డా" అన్నాడు. ఇల్లు అమ్మేశానని, నెలాఖరుకి టెక్సస్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతున్నానని చెప్పి, అమ్మని అడిగానని చెప్పమని ఫోన్ పెట్టేశాడు.

లోపలికి వచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది. నాన్న ఒళ్లో ఇంగువ డబ్బా మూత తీసి ఉంది. ఆయన రెండు అరచేతుల్లో రెండు చీటీలు, మడతల దగ్గర చిరుగుపట్టి, నా గుండ్రటి పిల్లరాతతో.

"రెండూ ఎరుపేనేంటి బుజ్జీ?" అన్నాడు.

చెప్పాను. అంకుల్‌కి మొదటి నుంచీ తెలుసన్నది కూడా చెప్పాను. ఇల్లు అమ్మిన సంగతీ చెప్పాను. నాన్న చాలాసేపు చీటీల వైపే చూశాడు. ఆయన జీవితంలో గట్టిగా నోరు విప్పి గెలిచింది ఆ మూడుసార్లే. "అయితే తెలిసి తెలిసి కుర్చీలు మోశాడన్నమాట" అన్నాడు. చీటీలు మళ్లీ ఆ మడతల్లోనే మడిచి, డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కి, లేచి కోటు వేసుకున్నాడు. గోడకున్న కారు తాళాలు తీసుకున్నాడు. అమ్మ గబగబా లోపలికి వెళ్లి పద్మ ఆంటీ సర్వపిండి గిన్నె తెచ్చి, గుగ్గిళ్లు పోసి, రేకు కాగితం కప్పి ఆయన చేతికిచ్చింది. నాన్న గరాజ్ తలుపు తీసుకుని వెళ్లాడు. కారు తలుపు పడిన చప్పుడైంది.

ఇద్దరం వంటింట్లో నిలబడి, గరాజ్ పెద్ద తలుపు పైకి లేచే చప్పుడు కోసం చెవులు రిక్కించాం. పది నిమిషాలైంది. ఇరవై అయింది. నేను తలుపు కొంచెం తీసి చూస్తే, నాన్న గిన్నె ఒళ్లో పెట్టుకుని, స్టీరింగ్ పట్టుకుని, ఎదురుగా గోడకి ఆనించి ఉన్న ఎనిమిది మడత కుర్చీల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంజను పెట్టలేదు. కాసేపటికి లోపలికి వచ్చి, గిన్నె బల్ల మీద పెట్టి, "చలిగా ఉంది" అని పడుకోవడానికి వెళ్లిపోయాడు.

నెలాఖరుకి అంకుల్ వెళ్లిపోయాడు. ఆ ఇంటి గుమ్మంలో కొత్తగా దిగినవాళ్లు పెట్టిన గుమ్మడికాయలున్నాయని అమ్మ ఫోన్‌లో చెప్పింది. సైడర్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఆకులు ఎత్తడానికి మనుషులు వచ్చి, వీపున మోటారు కట్టుకుని ఊదేసి పోతున్నారు. బొమ్మల కొలువు ఈసారి మూడు మెట్లే పెట్టాం, చూడ్డానికి ఎవరూ రాలేదు, పండగయ్యాక డబ్బాని మళ్లీ ఏనుగు పక్కనే పెట్టి పెట్టె మూసేశాను. నవంబర్‌లో నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి ఓటేసి వచ్చాడు. మాకందరికీ ఇప్పుడు ఓట్లున్నాయి. మళ్లీ నాలుగేళ్లకి వచ్చే డిబేట్ సంగతి మా ఇంట్లో ఎవ్వరూ ఎత్తరు. నాన్న మళ్లీ నోరు విప్పడం మానేశాడు, ఈసారి ఆయన్ని గెలిపించడానికి ఓడిపోయేవాడు లేడు.